వడియాల చాప పక్కన కూర్చున్న కుక్క

గొడ్లాసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసినన్నాళ్లూ నన్ను ఎద్దులు పొడిచాయి, గాడిదలు తన్నాయి, ఒక పిల్లి బొటనవేలిని ఎముక దాకా కొరికింది. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్న కాలం వాణ్ణి నేను. వీటిలో ఏదీ నన్ను వణికించలేదు. వణికించింది ఒక ముసలి కుక్క. అది కరవలేదు, మొరగలేదు, కనీసం గుర్రుమనలేదు. ఊరికే కూర్చుంది. ఆ కూర్చోవడం గురించి చెప్తాను. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు చదువుతారని రాస్తున్నాను. చదవకపోతే మీ ఖర్మ.

అది నా సర్వీసులో చివరి కాలం. కోలారు జిల్లాలో నేను తిరగని తాలూకా లేదు. క్యాసంబళ్ళి మా ఊరు కాబట్టి ఆఖరికి దగ్గరగా ఉంటుందని, కాళ్లావేళ్లా పడి కేజీఎఫ్‌కు వేయించుకున్నాను. స్కూటరు మీద పోయిరావచ్చు, మధ్యాహ్నం ఇంటి రాగిముద్ద తినవచ్చు అని నా లెక్క. బంగారు గనులు మూతపడి ఇరవై ఏళ్లు దాటిన ఊరు. ఆవులు తక్కువ, కుక్కలు ఎక్కువ. పెద్దగా పని ఉండదనుకున్నాను. నేను అనుకున్నది ఎప్పుడు జరిగింది కనుక!

నేను చేరిన కొన్నాళ్లకే మైసూరు వైపు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. మా పెద్దమ్మాయి ఈడు. వచ్చీరాగానే ఆసుపత్రి వెనక, ఒకప్పుడు ఎద్దులను కట్టే రేకుల షెడ్డు శుభ్రం చేయించింది. ఎందుకు మేడం అంటే, "ముసలి కుక్కలకు సార్" అంది. కుక్కకు వయసు మళ్లితే కాళ్లూ కళ్లే కాదు, బుర్ర కూడా మూలపడుతుందట. దానికి రోజూ ఏదో ఒక పని చెప్పాలట. కొత్త ఆట నేర్పించాలి, కొత్త వీధిలో తిప్పాలి, తిండి పళ్లెంలో పెట్టకుండా దాచిపెట్టి వెతికించాలి. శనివారం శనివారం ఊళ్లోని ముసలి కుక్కలన్నింటినీ తెమ్మని చెప్పించింది.

కొబ్బరి చిప్పలు వరసగా బోర్లించి, ఒకదాని కింద కోడి పులుసులో అద్దిన ముద్ద ముక్క పెట్టడం నా పని. పాత చీర పేలికలకు ముడులు వేసి అందులో వేరుసెనగపప్పు దాచడం మా అటెండరు పని. వాడు ముడి వేసినప్పుడల్లా, "సార్, మనం రిటైరైనాక మనకూ ఇట్లనే చిప్పల కింద ముద్ద పెడతారా?" అనేవాడు. పెడితే నయం, చిప్ప కూడా మిగలదురా అనేవాణ్ణి. ఉద్యోగమంతా చేసి చివరికి కుక్కల బడిలో అయ్యవారినైనానని ఇంట్లో మా ఆవిడ నవ్వేది.

నేను నమ్మలేదు, ఉన్నమాట. కానీ మామిడితోట నుంచి ఒక నాటుకుక్కను తెచ్చేవారు. రెండు కళ్లకూ శుక్లాలు. మొదట్లో షెడ్డులో ఒక మూల ముడుచుకుని పడుకునేది. కొన్ని వారాలు గడిచాక అదే కుక్క తోక ఆడిస్తూ వచ్చి, చిప్పలన్నీ మూతితో తట్టి, సరైన చిప్పను తిరగేసి, నాకేసి మొహం ఎత్తింది. నేను నోరు మూసుకున్నాను. డాక్టరమ్మ నన్ను చూసి నవ్వి వదిలేసింది, అది ఆమె మంచితనం.

అటువంటి ఒక శనివారం, ఊరికి ఆ చివర గని పేట చాంపియన్ రీఫ్స్ నుంచి ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. రోజూ తెల్లారి రైలుకు బెంగుళూరు పోయి, రాత్రికి తిరిగొచ్చే వందలమందిలో ఆమె ఒకతె. ఆ పూట సెలవు పెట్టి వచ్చింది. పక్కన గోధుమరంగు ల్యాబ్రడార్ కుక్క, మూతి అంతా తెల్లబడింది.

"అన్నా, ఇది మా ఆయన కుక్క" అంది. "పోలీసు కుక్క. బాంబులు కనిపెట్టేది. రిటైరైనాక ఆయనే అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆపైన ఏడాది కూడా తిరగలేదు, గుండెనొప్పితో ఆయనే పొయ్యినాడు. నేను దీన్ని పిల్చుకొని మా అమ్మ కాడికి వచ్చేసినాను. ఆ ఇంటికి వచ్చినప్పట్నుంచీ దీనికి మతి లేదన్నా. గోడను చూస్తా కూకుంటాది. పిలిస్తే రాదు. కూడు పెట్టినా లేవదు."

డాక్టరమ్మ కుక్కను తల నుంచి తోక దాకా చూసింది. చెవులు బాగున్నాయి, కళ్లు ఫరవాలేదు, నడుము కీళ్లు అరిగాయి. గోడకేసి చూడటం, పిలిస్తే పలకకపోవడం, ఒకేచోట అతుక్కుపోవడం, ఇవన్నీ ముసలి కుక్కల మతిమరుపు లక్షణాలే అంది. మనుషులకు వచ్చినట్టే కుక్కలకూ వస్తుంది.

చదివే మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. బాంబుల కుక్క, గోడ, కూర్చోవడం. మీరు తెలివైనవాళ్లు. మాకు అర్థం కాలేదు. ఎందుకంటే మా దగ్గర అప్పటికే ఒక జబ్బు పేరు ఉంది. పేరు దొరికాక ఆ జబ్బును ఎవడూ మళ్లీ తిప్పి చూడడు.

తమాషా ఏమిటంటే, షెడ్డులో ఆ కుక్క మొదటి రోజే మిగతావాటిని తలదన్నింది. చిప్పల వరస వెంట ఒక్కసారి నడిచి, తిన్నగా ముద్ద ఉన్న చిప్ప దగ్గర ఆగింది. మా అటెండరు ముడులన్నీ విప్పింది. ఇంటికి పోగానే మళ్లీ గోడ. డాక్టరమ్మ ఆలోచించి, "ఇంట్లో దిగులు పెట్టుకుంది సార్. ఇంట్లోనే ఆడించాల. మీకు ఎట్లాగూ దారిలోనే కదా?" అంది. చాంపియన్ రీఫ్స్ నా దారిలో ఏమీ లేదు. అయినా సరే అన్నాను.

అది గని కార్మికులకు కట్టించిన లైను ఇల్లు. ముందు ఒక గది, వెనక ఒక గది, దాని వెనక స్నానానికి నీళ్లు కాచే పొయ్యి. ఇంటి ముందు నిలబడితే గనిలోకి మనుషుల్ని దించిన బావి, దాని మీది పాత ఇనుప చక్రాల గోపురం కనిపిస్తాయి. ఇంట్లో ఆమె తల్లి, డెబ్బై దాటిన అవ్వ. చర్చిలో పాట ఎత్తుకుంటే వీధి చివరికి వినిపించే గొంతు. నేను డాక్టరును కానని ఎన్నిసార్లు చెప్పినా నన్ను డాక్టరప్పా అనే పిలిచేది.

వెనక గదిలో గోడలో ఒక గూడు, దానికి చిన్న చెక్క తలుపు. కుక్క సరిగ్గా దాని ముందు కూర్చునేది. వెన్ను నిటారుగా, ముందుకాళ్లు జతగా. ముందు గదిలో చిప్పలు పెట్టి నేను ఎంత పిలిచినా కదిలేది కాదు. ఒకసారి గూటికేసి, ఒకసారి నాకేసి చూసేది.  పాపం, ఏదో అడగాలనుకుని మరిచిపోయిందనుకునేవాణ్ణి. తల నిమిరి ఒక బిస్కట్టు ఇచ్చేవాణ్ణి. బిస్కట్టు తిని మళ్లీ అదే చూపు.

"గూట్లో ఏముందవ్వా? ఎలుకలున్నాయేమో?" అని అడిగాను.

"ఎలకలు యాడివప్పా. మా ఆయన సామాన్లు. పనిసామాన్లు."

నేను మళ్లీ అడగలేదు. కేజీఎఫ్‌లో అది అడిగే ప్రశ్న కాదు. ఏ ఇంటికి పోయినా గని సామాను ఏదో ఒకటి ఉంటుంది. ఒక ఇంట్లో దీపం, ఒక ఇంట్లో టోపీ, ఇంకో ఇంట్లో రాయి తొలిచే ఉలి. మనిషి పోతాడు, గని పోతుంది, సామాను ఉంటుంది. వాటిని తుడిచి పెట్టుకుంటారు, ఎవరూ పారేయరు. సుత్తో శానమో ఉంటుందిలే అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి కుక్క వెనక గదిలో లేదు. ఇంటి ముందు ఎండలో కూర్చుని ఉంది. అమ్మయ్య, ఇన్నాళ్లకు గోడ వదిలిందని సంతోషపడ్డాను. పక్కన ఈతచాప మీద అవ్వ సగ్గుబియ్యం వడియాలు ఎండబెట్టింది. చాపకు ఒక చివర పాత పంచె కప్పి ఇంకేదో ఆరబెట్టింది. కుక్క ఆ చివరనే కూర్చుంది.

"చూసినావా ముసల్దానికి ఆశ! వడియాల కాడ కాపు కాస్తా ఉండాది" అంది అవ్వ.

"ఆశ పుట్టిందంటే మంచిదే అవ్వా. బుర్ర పనిచేస్తున్నట్టే" అన్నాను, పెద్ద తెలిసినవాడిలాగా.

టీ తాగుతుండగా ఉన్నట్టుండి నల్లగా కమ్ముకుని పెద్ద చినుకులు మొదలయ్యాయి. "డాక్టరప్పా, చాప! చాప!" అని అవ్వ కేకలు. నేను పరుగెత్తి చాప నాలుగు మూలలూ కలిపి మూటలా ఎత్తాను. ఒకవైపు బరువుగా ఉంది. చింతపండు కాబోలనుకున్నాను. గదిలోకి ఉరికి దబ్బుమని నేల మీద పడేశాను. వడియాలన్నీ పొడి అయ్యాయని అవ్వ నన్ను నానామాటలు అంది. కుక్క వానలో తడుస్తూ నా వెనకే వచ్చి, ఆ మూట ముందు కూర్చుని, నా మొహంలోకి చూసింది. సిగ్గులేదా నీకు అని తిట్టాను.

ఆ తరువాత కుక్క మరీ పాడైంది. రోజంతా గూటి ముందే. తిండి అక్కడికే తీసుకుపోయి పెట్టాలి. ఒంటికి కూడా అక్కడే పోసేది. ఒక ఉదయం అవ్వ బొగ్గుల బుట్ట ఎత్తుకుని పోతూ దాని మీద తట్టుకుని పడింది. మణికట్టు విరిగింది.

అవ్వ పట్టుపట్టింది. కూతురు రైలెక్కి పోతే పొద్దుగూకేదాకా తాను ఒక్కతే. ఒక చేతికి కట్టు, మరో చేత్తో వంట, మధ్యలో ఈ కుక్క. "సూదేసి పంపించేయండప్పా. దానికీ సుఖము, నాకూ సుఖము. ఇది నన్ను సంపేదాకా లేసేట్టు లేదు" అంది.

కూతురు గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చింది. "అమ్మా, ఆయన చెయ్యి ఎట్లుండేదో నాతోపాటు తెలిసింది దీనికొక్కదానికే. ఇది కూడా పోతే నాకు ఇంగేమి మిగుల్తాది?"

"మీ నాయన పొయ్యినాక నాకేమి మిగిలింది? ఆయన సామాన్లు పెట్టుకొని బతకలేదా నేను? నువ్వూ దాని పట్టీ పెట్టుకో."

డాక్టరమ్మ ఊరంతా అడిగింది. అరిగిన కీళ్లు, మతిలేని బుర్ర, ఎక్కడంటే అక్కడ ఒంటికి పోసుకునే కుక్కను ఎవరు తీసుకుంటారు? నేనే తీసుకుందామని ఇంట్లో కదిపాను. మా ఆవిడ నాకేసి చూసిన చూపుకు మళ్లీ ఎత్తలేదు. చివరికి ఆదివారం చర్చి ముగిశాక అని నిర్ణయమైంది. ఆ మూడు రోజులూ డాక్టరమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. తన బడిలో ఓడిపోయిన మొదటి విద్యార్థి అని బాధ.

ఆదివారం. డాక్టరమ్మ ఇంజెక్షను సిద్ధం చేసుకుంది. నేను కుక్క ముందుకాలి మీద వెంట్రుకలు కత్తిరించడానికి కత్తెర తీశాను. అప్పుడు కూతురు, "ఒక్క నిమిషమన్నా" అని మంచం కింది పెట్టె లాగింది. అందులోంచి భర్త ఖాకీ చొక్కా, దాని కిందినుంచి తోలుపట్టీ, అరిగిపోయిన ఒక రబ్బరు బంతి తీసింది. ఆ పట్టీ మెడకు కట్టేది కాదు, డ్యూటీలో ఛాతీకి బిగించేది. బంతిని చెంగులో ముడి వేసుకుంది.

"ఉత్తగా పంపనన్నా. యూనిఫారంలో పోనీ."

పట్టీ బిగించింది. అమ్మా, ఏం చెప్పమంటారు! ఆ కుక్క లేచి నిలబడింది. ఒళ్లంతా ఒక్కసారి విదిలించుకుంది. చెవులు లేచాయి, తోక బిగిసింది. నడుము అరిగిన ముసలిది పదేళ్లు వెనక్కు పోయినట్టయింది. డాక్టరమ్మ ఇంజెక్షను పట్టుకుని అట్లే ఆగిపోయింది.

పని మొదలుపెట్టించేటప్పుడు భర్త అనే మాట ఒకటుందట. ఆఖరిసారి వింటుందని కూతురు ఆ మాట అంది. అదేమిటో ఇక్కడ రాయను, అది వాళ్లిద్దరిదీ.

కుక్క కదిలింది. ముందు గదిలో గోడ వెంట ముక్కు ఆనించి నడిచింది. మంచం కింద చూసింది. అలమర, బియ్యం డబ్బా, నా సంచీ, డాక్టరమ్మ పెట్టె, ఒక్కటీ వదల్లేదు. చిప్పల కింద ముద్ద వెతికే కుక్క కాదిది. మేమందరం నోళ్లు తెరుచుకుని వెనకే నడిచాం. వెనక గదిలోకి పోయింది. గూటి కింద ఆగింది. చెక్క తలుపు సందు దగ్గర గట్టిగా ఒకసారి ఊపిరి పీల్చింది. కూర్చుంది. తల తిప్పి కూతురి మొహంలోకి చూసింది.

అదే కూర్చోవడం. అదే చూపు. ఇన్ని నెలలుగా నేను బిస్కట్టు పెట్టిన చూపు.

కూతురి మొహంలో నెత్తురుచుక్క లేదు. "అన్నా..." అంది. "ఇది మతిలేక కూకోలేదన్నా. మైదానంలో ఆయన నేర్పిస్తా ఉంటే చూసినాను. అరవకూడదు, గీరకూడదు. దొరికిందంటే ఇట్ల కూకొని ఆయన మొగం చూసేది."

"ఏం దొరికిందని?" అన్నాను. అప్పటికీ నాకు వెలగలేదు చూడండి!

ఆమె తల్లివైపు తిరిగింది. "అమ్మా, ఆ గూట్లో ఏముండాది?"

"మీ నాయన సామాన్లే. ఎన్నిసార్లు చెప్పేది?"

"ఏం సామాన్లమ్మా?"

"జిలెటిన్ కడ్డీలు. బాయి తవ్వేదానికి తెచ్చిపెట్టినాడు కదా."

బుట్టలో ఎర్రగడ్డలున్నాయి అన్నంత మామూలుగా అంది. బండలు పేల్చే జిలెటిన్! గోడకు అవతల, ఆదివారం తలస్నానానికి వేసిన నీళ్లపొయ్యి చిటపటమంటూ మండుతోంది. గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది, నాకు తెలుసు, చలికాలం అక్కడే ఆనుకుని టీ తాగాను.  దేవుడా, దేవుడా అన్నాను. డాక్టరమ్మ ఇంజెక్షనును గాజుబొమ్మను పెట్టినట్టు నేల మీద పెట్టింది.

"ఎవురూ దేన్నీ ముట్టుకోవద్దండి. నిదానంగా బయటికి పోండి" అంది కూతురు. ఆ గొంతు ఆమెది కాదు, భర్త దగ్గర విన్నది అయ్యుండాలి. పొయ్యిలోని కట్టెలను అవతలికి లాగి మట్టి కప్పాను. కంగారులో సగం మట్టి నా మీదే పోసుకున్నాను. కుక్క మాత్రం లేవలేదు. పిలిచినా రాలేదు. ఆమె మొహమే చూస్తూ కూర్చుంది. పట్టీ పట్టుకుని ఈడ్చుకు రావాల్సి వచ్చింది.

వీధి చివర ఆగి పోలీసులకు ఫోను చేశాం. చుట్టుపక్కల ఇళ్లవాళ్లను బయటికి రప్పించాం. అప్పుడు డాక్టరమ్మ అవ్వను అడిగింది, "ఇన్నేళ్లు గూట్లోనే ఉందా అవ్వా? ఒక్కసారీ తీయలేదా?"

"తీయకుండా ఎట్లమ్మా? చెమ్మ తగిలితే చెడిపోతాదని మా ఆయన చెప్పినాడు. ఏటా ఎండాకాలం వడియాలతోపాటు ఎండబెడతా ఉంటిని."

"ఎండబెట్టావా!" అని నేను అరిచాను.

"ఏమప్పా అట్లరుస్తావు? మొన్న వానొస్తే నువ్వే కదా చాపతో ఎత్తకపొయ్యి దబ్బున పడేసినావు? నా వడియాలన్నీ పొడైపాయె."

నేను రోడ్డు మీద కూలబడ్డాను. అబద్ధం కాదు, నిజంగానే, పంచె దుమ్ములో, అందరూ చూస్తుండగా. బరువుగా ఉన్నది చింతపండు కాదు. ఆ చాప ఎత్తింది ఈ చేతులు. దబ్బుమన్న ఆ చప్పుడు చెవుల్లో మళ్లీ మళ్లీ మోగింది. ఈనాటికీ మా ఇంట్లో వానొస్తే వడియాల చాప మా ఆవిడే తెచ్చుకుంటుంది. నేను దాని ఛాయలకు పోను.

కోలారు నుంచి బాంబుల దళం వచ్చింది. వాళ్ల కుక్క వేరే చోట డ్యూటీలో ఉందట. పెద్ద పెద్ద అంగీలు తొడుక్కుని లోపలికి పోయారు. ఇసుక పెట్టెలో సర్దుకుని బయటికి తేవడానికి చాలా సేపు పట్టింది. ఆఫీసరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. పాతబడిన కడ్డీల్లోంచి నూనె ఊరుతుందట. ఆ నూనె చుట్టిన కాగితం మీద బొట్లు బొట్లుగా నిలిచిందట. అట్లా అయినదాన్ని గట్టిగా కదిపినా ప్రమాదమే అని చెప్పాడు. నేను నా రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాను.

"టోపీలు యాడ పెట్టినావవ్వా? డిటోనేటర్లు?" అని గద్దించాడు.

"వాటిని మా ఆయన ఇంటికి తేలేదప్పా. అంత మాత్రం బుద్ధి ఉండాది ఆయనకు."

"దీన్ని ఎందుకు పెట్టుకున్నావు ఇన్నేళ్లు?"

అప్పుడు మొదటిసారి అవ్వ గొంతు తగ్గింది. "కురుడుమలె పక్కన మాకు రవంత చేనుండాదప్పా. అంతా బండ. గని మూసేస్తే ఊరికి పొయ్యి బాయి తవ్వుకుందామన్నాడు. రాగులు పండిద్దామన్నాడు. గని దగ్గు వదల్లేదు, మంచంలోనే పొయ్యినాడు. బాయి తవ్వేదాకా జాగ్రత్తగా పెట్టమన్నాడు. పెట్టినాను." ఇసుక పెట్టెను బండిలోకి ఎక్కిస్తుంటే దానికేసే చూసింది. ఆ పక్కల ఇప్పుడు బోరు ఎంత లోతు దించినా దుమ్మే లేస్తోందని అవ్వకూ తెలుసు, నాకూ తెలుసు. కూతురు వచ్చి తల్లి భుజం పట్టుకుంది.

ఆఫీసరు కొంచెం మెత్తబడ్డాడు కానీ నోరు ఊరుకోలేదు. "నిన్ను జైల్లో పెట్టాల అవ్వా, తెలుసా?"

"పెట్టప్పా. అయితే నన్నొక్కదాన్నే ఎందుకు పెడతావు?" అవ్వ విరగని చేత్తో వీధికి ఆపక్క చూపించింది. "ఎదురింటాయన మా ఆయనతో కలిసే తెచ్చినాడు. వాళ్లు ఎండబెట్టను కూడా ఎండబెట్టరు, సోమరోళ్లు!"

 ఆఫీసరు గిరుక్కున ఎదురింటివైపు తిరిగాడు. ఎదురింటివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ ఇంటి తాత పోయి ఎన్నో ఏళ్లయింది, ఇంట్లో అంతా కొత్త తరం, వాళ్లకేమీ తెలియదు. అదొక్కటే కాదు. గుంపులోంచి ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు ఏమీ ఎరగనట్టు మెల్లగా తమ ఇళ్లవైపు జరగడం నేను కళ్లారా చూశాను.  ఇన్నాళ్లు ఈ లైన్లలో స్కూటరు వేసుకుని ఈల వేస్తూ తిరిగాను!

"ఎవురూ కదలొద్దు!" అని ఆఫీసరు కేక పెట్టాడు. తరువాత ముసలి కుక్కకేసి చూశాడు. "ఇది ఎవరి కుక్కమ్మా?"

కూతురు భర్త పేరు చెప్పింది. అతనికి ఆ పేరు తెలుసు. వంగి కుక్క తల నిమిరాడు. "ఇంకో కుక్కను తెప్పించేసరికి సాయంత్రమవుతుంది. దీన్ని నడిపించగలవా తల్లీ?" అని అడిగాడు.

ఎదురింట్లో ఎవరూ మిగల్లేదని చూసుకున్నాక, ఆమె ఆ మాట మళ్లీ అంది. కుక్క వెనక కాలు ఈడుస్తూ వీధి దాటింది. గోడ వెంట పోయింది, తిరిగింది, ఇంటి పక్కన పాత సామాన్లు పడేసిన రేకుల కొట్టు ముందు ఆగింది. నేను లోలోపల వేడుకుంటున్నాను, కూర్చోకు తల్లీ, కూర్చోకు అని. కూర్చుంది. తల తిప్పి ఆమె మొహంలోకి చూసింది.

ఈసారి ఆమె చెంగు ముడి విప్పింది. బంతి తీసి దాని ముందు పెట్టింది. వంగి రెండు చేతులతో దాని మొహం పట్టుకుని, "చూసినాను రా. చూసినాను. చాలు" అంది. దొరికిందని కూర్చున్న ప్రతిసారీ భర్త చేసింది అంతేనట. వెంటనే బంతి ఇచ్చి, చూశానని చెప్పడం. దానితో ఆ పని అయిపోయినట్టు. కుక్క బంతిని నోట కరుచుకుంది. ఎవరూ లాగకుండా, తనంతట తాను లేచింది. తిరిగి వీధి దాటి, అవ్వ ఇంటి గోడ నీడలో, బంతి మీద మూతి ఆనించి పడుకుని నిద్రపోయింది. అది కళ్లు మూయడం నేను చూడటం అదే మొదటిసారి.

డాక్టరమ్మ ఏడుస్తోంది. అవ్వ కుక్క దగ్గరకు పోయి నిలబడి, కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని, "ఉండనీలే ఇంగ" అంది. లోపల నేల మీద వదిలేసిన ఇంజెక్షను సంగతి ఎవరికీ గుర్తు లేదు.

నెలల తరబడి మేము దాని బుర్రకు పని పెట్టాలని చిప్పలు పరిచాం, ముడులు వేశాం, బిస్కట్లు పెట్టాం, పాపం అన్నాం. దాని బుర్రకు పని తక్కువై కాదు పిల్లలూ. అది ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ డ్యూటీలోనే ఉంది. దిగమని చెప్పేవాళ్లే లేరు.